ఇంటివైపు గూడు

మా మెట్ట మీద అన్ని గోరీలుండగా ఆ ఒక్కదానికే చిన్నాన్న బాత్రూం టైల్స్ ఎందుకు వేయించినట్టు? పోయిన వేసవిలో నా బుర్రను తొలిచేసిన ప్రశ్న ఇది. లేత ఆకుపచ్చ టైల్స్, మీద తెల్ల పూలు. పక్కనే మా తాత గోరీకి సున్నం కూడా సరిగా లేదు, పెచ్చులూడి ఇటుకలు బయటపడ్డాయి. కన్నతండ్రికి లేని సోకు ఎవరిదో తెలియని గోరీకి ఎందుకట?

నాది అనుమానపు బుద్ధి. అది ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. విజయనగరంలో నాకో చిన్న మ్యాచింగ్ సెంటర్ ఉంది. ఆడవాళ్ళు చీర పట్టుకొచ్చి దీనికి సరిపోయే జాకెట్టు గుడ్డ ఇమ్మంటారు. ట్యూబులైటు కింద అతికినట్టు సరిపోయిన రంగు ఎండలోకి వెళ్ళేసరికి వేరే రంగైపోతుంది. అందుకని కొట్లో నేను దేన్నీ నమ్మను, గుడ్డ ముక్క పట్టుకుని రోడ్డు మీదికి నడుస్తాను. మనుషుల సంగతీ అంతే. నాతో కాపురమంటే రోజూ ఎండలో నిలబడ్డమేనని మా ఆయన అంటుంటాడు. అననీ. ఇక పేర్లంటారా, ఇందులో ఎవరి పేరూ రాయను. మా వాళ్ళకి చదవడమూ వచ్చు, కోపమూ వచ్చు.

మాది చీపురుపల్లి నుంచి రాజాం వెళ్ళే దారిలో లోపలికి ఉన్న ఊరు. మా ఇళ్ళల్లో కాల్చరు, పూడుస్తారు. ఊరికి దక్షిణాన మా మెట్ట భూమి అంచున, తాటిచెట్ల వరసకి ఇవతల, మా ఇంటిపేరు వాళ్ళ గోరీలుంటాయి. మోకాలెత్తు అరుగుల్లా ఇటుకతో కట్టి, తల దగ్గర కాస్త ఎత్తు చేసి, దానికో దీపం గూడు పెడతారు. రాతలూ కోతలూ ఏమీ ఉండవు. మా నాన్నదీ అమ్మదీ మాత్రం పలకరాయి వేసి పేర్లు చెక్కించాం. మిగతావన్నీ మూగవే. చిన్నప్పుడు వాటి మీద కూర్చుని తాటిముంజెలు తిన్నానే గానీ, ఏది ఎవరిదో ఏనాడూ అడగలేదు.

అడగాల్సి వచ్చింది అత్త వల్ల. అత్తంటే మా నాన్నకు అక్క. పెళ్ళయిన ఏడాదికే కాపురం వదిలేసి పుట్టింటికి వచ్చేసింది. ఎందుకు వచ్చిందో ఆవిడ చెప్పలేదు, ఎవరైనా అడిగితే గోగు కట్ట నెత్తినెత్తుకుని చక్కా పోయేది. ఆవిడ మొగుడు ఇంకో పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు, ఎప్పుడో పోయాడు కూడా. అత్త మాత్రం మా పొలంలోనే ఉండిపోయింది. గోగు కోయడం, నీళ్ళలో ఊరేయడం, నార తీయడం, ఆ కుళ్ళు వాసనతో ఇంటికి రావడం, ఇదే ఆవిడ బతుకు. మా నాన్న పోయాక చిన్నాన్న దగ్గర ఉంటోంది. చిన్నాన్న ఆవిణ్ణి అప్పా అని పిలుస్తాడు, అప్ప మాట దాటడని ఊళ్ళో పేరు. ఊళ్ళో పేర్లని కూడా నేను ఎండలో పెట్టే చూస్తాను.

వేసవిలో అత్త పెరట్లో జారి పడింది. ఎముక విరగలేదు గానీ మంచం పట్టింది. కబురు తెలిసి నేను కొట్టు మూసేసి చీపురుపల్లి దాకా బస్సులో, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళాను. నొప్పి గురించి ఏదైనా చెప్తుందేమోనని మంచం పక్కన కూర్చున్నాను. అత్త ముందు మా పిన్నిని మజ్జిగ తెమ్మని వంటింట్లోకి పంపేసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

“ఒసే, నీ సెల్లు పట్టుకుని మెట్ట మీదికెల్లు. గోరీలు ఎవలెవలివో ఒక్కొక్కటే సూసి రా. ఆడోల్లయి మరీ బాగా సూడు.”

పేర్లు లేని గోరీలు ఎవరివో నాకెలా తెలుస్తుందన్నాను. అప్పుడు చెప్పింది అత్త, ఇన్నేళ్ళూ నాకు తెలియని సంగతి. ఆడవాళ్ళ గోరీకి పైన పసుపూ కుంకుమా వేసే చిన్న గుంట ఉంటుంది. ఇక దీపం గూడు, ఎవరిదైనా సరే, వాళ్ళు పుట్టిన ఊరి వైపు ఉంటుంది. మగవాళ్ళు ఇక్కడే పుట్టారు కాబట్టి వాళ్ళ గూళ్ళన్నీ మా ఊరి వైపు. కోడళ్ళవి మాత్రం ఎవరి పుట్టింటి దిక్కు వాళ్ళది.

“బతికున్నప్పుడు పుట్టింటికి పంపమంటే పనులున్నాయని పంపరు కదే. సచ్చినాకైనా అటేపు సూసుకుంటారని పెద్దోల్లు పెట్టినారు,” అంది.

అంతా బాగానే ఉంది. కానీ కదల్లేక మంచంలో పడున్న మనిషికి హఠాత్తుగా గోరీల మీద ధ్యాస ఎందుకు మళ్ళినట్టు? అదీ పిన్నిని వంటింట్లోకి తోలేసి మరీ! మెట్టకి అవతల జీడితోట కొట్టేసి, ఎర్రమట్టి చదును చేసి, పసుపు రంగు రాళ్ళు పాతారు. ప్లాట్లట. రోడ్డు వెడల్పు చేస్తారని కూడా అంటున్నారు. ఓహో, ఇదన్నమాట సంగతి, భూమికి రేటొచ్చేసరికి ఎవరో అత్త చెవిలో వాటా మాట ఊదారు అనుకున్నాను. సరే, చూద్దాం, ఎవరి పప్పులు ఎక్కడుడుకుతున్నాయో అనుకుంటూ బయల్దేరాను.

మెట్ట మీద ఎండ మాడ్చేస్తోంది. కొంగు నెత్తిన కప్పుకుని, ఫోన్లో దిక్సూచి పెట్టుకుని, ఒక్కో గోరీ ముందూ గొంతుక్కూర్చుని చూడ్డం మొదలుపెట్టాను. అనుమానంతోనే మొదలుపెట్టాను గానీ కాసేపటికి ఆ పనిలో పడిపోయాను. అన్నిటికంటే పాతదిగా కనిపించే ఆడ గోరీకి గూడు బొబ్బిలి వైపు ఉంది. వరసని బట్టి తాత వాళ్ళమ్మ అన్నమాట. చిన్నప్పుడు మా పాత పెట్టెలో వీణ బిరడ ఒకటి ఉండేది. ఇంట్లో ఎవరికీ వీణ రాదు. అదేమిటో తెలియక మేం బొంగరంలా తిప్పేవాళ్ళం. అది ఎవరు ఏ ఊరి నుంచి తెచ్చుకున్నదో ఆ గూడు చూశాక గానీ నాకు తెలియలేదు. ఏడుపొచ్చింది, ఎందుకో.

మా నాయనమ్మ గూడు ఎచ్చెర్ల వైపు. అందుకే కాబోలు ఆవిడకి ఎండుచేప లేనిదే ముద్ద దిగేది కాదు, సముద్రం గాలి తగిలిన ఊరు మరి. అమ్మది విజయనగరం వైపు. పలకరాయి వేయించిన రోజున నేనూ అక్కడే ఉన్నాను, గూడు ఎటు పెట్టారో పట్టించుకోలేదు. విజయనగరంలో కొట్లో కూర్చుని నేను ఎన్నిసార్లు అనుకున్నానో, అమ్మ ఉంటే ఇటు వచ్చేది కదా అని. ఇంతకాలమూ ఇటే చూస్తోంది.

ఆ వరసలో చివరి దగ్గర కనిపించింది టైల్స్ గోరీ. పైన గుంట ఉంది, అందులో ఎండిన పసుపు కూడా ఉంది, అంటే ఆడమనిషిదే. నాలుగు పక్కలా చూశాను. గూడు లేదు. తల దగ్గర నున్నగా టైల్స్. మిగతా గోరీలన్నిటికీ గూడుండి దీనికెందుకు లేదు? పైగా టైల్స్ మధ్య పూసిన తెల్ల సిమెంటు కొంచెమే మాసింది. పక్కనున్న సున్నంతో పోలిస్తే అంత పాత పనేం కాదు. రంగుల విషయంలో నా కళ్ళు మోసపోవు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగేశాను. నాకు కడుపులో దాచుకోవడం రాదు. చిన్నాన్న తల ఎత్తకుండా, అవి ఇంట్లో మిగిలిపోయిన టైల్స్ అన్నాడు. గోరీ పడిపోయేలా ఉంటే వేయించాడట. తాత గోరీ పడిపోయేలా లేదా అంటే నీళ్ళు నమిలాడు. ఇంతకీ అదెవరిదంటే ఎవరో పాత కోడలిది, పాలకొండ దిక్కు మనిషి అన్నాడు. మరి పాలకొండ వైపు గూడేదన్నాను. చిన్నాన్న కంచంలో అన్నం అలాగే వదిలేసి చెయ్యి కడిగేసుకున్నాడు. పిన్ని నా వైపు చూడకుండా ఆ కంచం తీసుకుపోయింది. మా ఇంట్లో అన్నం పారేసిన మగవాణ్ణి నేను అంతకుముందు చూడలేదు.

నా అనుమానం అప్పుడు అత్త మీద నుంచి ఎగిరి చిన్నాన్న నెత్తిన వాలింది. ఎవరి ఆనవాలో చెరిపేస్తున్నాడు. ఎందుకు చెరిపేస్తాడు? వాటా ఎగ్గొట్టడానికి కాకపోతే! పసుపు రాళ్ళు పాతినవాళ్ళతో ఏం మాట్లాడుకున్నాడో. అత్త దగ్గరికి వెళ్ళి కూర్చుని, టైల్స్ గోరీ ఎవరిదో చెప్పకపోతే ఇక్కణ్ణుంచి లేవనన్నాను.

“అది కోడలిది కాదే. మీ తాత సెల్లెలిది. నాలాగే ఒచ్చేసింది. ఈ ఇంట్లోనే పోయింది. సిన్నప్పుడు పెద్దల అమాసకి ఆ గూట్లో దీపం నానే ఎలిగించీదాన్ని. గూడు మనింటేపు ఉండీది.”

మరి ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా, నన్ను ఎండలో తిప్పడమెందుకన్నాను. అత్త నవ్వింది. తాను చెప్తే తన కోసం తానే చెప్పుకున్నట్టుంటుందట. ఎవరినీ నమ్మని దాన్ని నేనే చూసి చెప్పాలట. తర్వాత నవ్వు ఆపేసి అసలు మాట అంది.

“నన్నెక్కడెడతారే? ఇంటిపేరు మారిన మనిషి మన మెట్ట మీద కుదరదని మీ సిన్నాన్న అనేసినాడు. నాకింక ఏ ఊరుంది? గెడ్డ ఒడ్డున ఎట్టేస్తే వానకి కొట్టుకుపోతాను. ఒక్క ఆడపడుసు గోరీ అక్కడుందంటే నాకూ జాగా ఇవ్వాల కదా.”

ఆ గెడ్డ ఒడ్డు నాకు తెలుసు. ఊరికి పడమర వాగు పక్కన ఎవరూ లేని వాళ్ళని పెట్టే చోటు. ప్రతి వానాకాలమూ గట్టు కొంత కోసుకుపోతుంది. చిన్నప్పుడు అటువైపు ఆడుకోవడానికి వెళ్తే ఇదే అత్త నా వీపు చిట్లగొట్టింది. ఇప్పుడు ఆవిడకే ఆ గట్టు రాసిపెట్టారు. అయినా నా పాడు బుద్ధి ఊరుకుంటుందా? ఆవిడ అవసరం ఆవిడది, గూడు సంగతి కల్పించి చెప్తోందేమోనని ఒక మూల తొలుస్తూనే ఉంది. చిన్నాన్న మాటకీ అత్త మాటకీ మధ్య నాకు కావలసింది నా కళ్ళతో చూడ్డం.

ఆ రోజు ఆగిపోయాను. మర్నాడు పొద్దున్నే, కాఫీ తాగి, పెరట్లో పడున్న పచ్చడి బండ ఒకటి కొంగు కింద పెట్టుకుని మెట్ట మీదికి వెళ్ళాను. టైల్స్ మీద తట్టుకుంటూ చుట్టూ తిరిగాను. పడమర తట్టాను, తూర్పు తట్టాను, గట్టిగా ఉంది. పాలకొండ వైపూ మా ఊరి వైపూ కూడా ఉత్తరమే కదా, అక్కడ తేడా తెలియదనుకున్నాడేమో చిన్నాన్న. కానీ మా ఇల్లు సూటిగా ఉత్తరం కాదు, కొంచెం ఎడమకి. ఆ ఎడమ వైపు టైల్ మీద తట్టేసరికి లోపల డొల్ల మోగింది. ఇక ఆగలేదు. బండతో ఒక్కటిచ్చాను. టైల్ విరిగి లోపల పడింది.

గూడు. లోపలంతా తరాల తరబడి పట్టిన మసి, పెనం అడుగులా నల్లగా ఉంది. ఒక మూల మట్టి ప్రమిద, అందులో గడ్డకట్టిన నూనె. గూడుకి వీపు పెట్టి నిలబడి ఎదరకి చూశాను. తాటిచెట్ల పక్కనుంచి, గోగు చేను మీదుగా, మా డాబా మీది నల్ల నీళ్ళ ట్యాంకు సూటిగా కనిపించింది. అత్త అబద్ధమాడలేదు. మా తాత చెల్లెలు ఇల్లు చూసుకుంటూ పడుకుంది.

వెనక మోపెడ్ ఆగిన చప్పుడైంది. చిన్నాన్న. పిన్ని చెప్పి ఉంటుంది, బండ పట్టుకుని వెళ్ళిందని. నేను పోట్లాటకి సిద్ధంగా నిలబడ్డాను. వాటాలూ, ప్లాట్లూ, అన్నీ నోటి చివర పెట్టుకున్నాను. ఆయన అరవలేదు. విరిగిన టైల్ చూశాడు, గూడు చూశాడు, మా తాత గోరీ మీద కూలబడ్డాడు. భూమి కోసమే కదా ఇదంతా అన్నాను. భూమేంటే అన్నట్టు మొహం పెట్టాడు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

“ఆ గూడు ఇంటేపు సూస్తాది. సూసి పిలుస్తాదే. మీ తాత సెల్లెలు ఒచ్చేసింది. తరవాత అప్ప ఒచ్చేసింది. ఆ తరవాత సంటిదాన్నెత్తుకుని నువ్వు ఒచ్చేసినావు. నానేటి సెయ్యాల, సెప్పు?”

నిజమే, నేనూ వచ్చేశాను ఒకప్పుడు. మా ఆయనతో పడక, పాపకి ఇంకా పాకడం రాకముందే, సంచి సర్దుకుని వచ్చేశాను. కొన్ని నెలలు ఇక్కడే ఉన్నాను. అప్పుడు మా ఇంట్లో స్నానాలగది లేదు, తడకల చాటున పోసుకోవడమే. టౌనులో అలవాటు పడ్డ పిల్ల ఇబ్బంది పడుతోందని చిన్నాన్న మేస్త్రీని పిలిచి పెరట్లో బాత్రూం కట్టించాడు. లేత ఆకుపచ్చ టైల్స్, మీద తెల్ల పూలు. ఆ పూలని చూపించి ఆడిస్తూ మా పాపకి నీళ్ళు పోసేదాన్ని. రంగు చూసి ఏ గుడ్డ ఏ తానులోదో చెప్పేదాన్ని, ఈ టైల్స్ నిన్ననే చూశాను, ఎవరి కోసం కొన్నవో నాకు తట్టలేదు.

మిగిలిన టైల్స్ తోనే గూడు మూసేశాడట. అది నన్ను పిలవకుండా ఉండాలని. మూసిన నెలకే మా ఆయన వచ్చి తీసుకెళ్ళాడట.

ఒళ్ళు మండింది నాకు. గూడు మూసినందుకు కాదు ఆయన వచ్చింది, కొట్టు పెట్టుకోవడానికి ఒప్పుకునే దాకా రానని నేను మొండికేస్తే ఒప్పుకుని వచ్చాడని చెప్పాను. గొంతు లేచిపోయింది. నా కాపురం నేను నిలబెట్టుకున్నాను, నీ సిమెంటు కాదు అన్నాను. చిన్నాన్న అలాగే అనుకో అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు, అదే నాకు మరీ కోపం తెప్పించింది. నెల తేడాలో రెండూ జరిగినమాట మాత్రం నిజమే. ఇన్నేళ్ళూ ఈ మనిషి నా కాపురాన్ని ఓ టైలు ముక్క వెనక దాచి కాపాడుతున్నాననుకుంటూ బతికాడు. తిట్టాలో దణ్ణం పెట్టాలో తెలియక అక్కడే నిలబడిపోయాను.

మరి అత్త సంగతేమిటన్నాను. చిన్నాన్న కూతుర్ని అంతకుముందు ఏడే ఎచ్చెర్ల వైపు ఇచ్చి పెళ్ళి చేశారు. ఇప్పుడు అప్పని కూడా ఇక్కడ పెడితే పిలిచే గూళ్ళు రెండవుతాయి, పిల్ల కొత్త కాపురం అన్నాడు. అయితే గెడ్డ ఒడ్డేనా, నిన్నెత్తుకు పెంచిన మనిషికి అన్నాను. ఆయన వంగి టైల్ ముక్కలు ఒక్కొక్కటే ఏరి తువ్వాల్లో వేసుకున్నాడు.

అత్తకి అన్నీ చెప్పాను, దాచలేదు. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది. తర్వాత ఇటు తిరిగింది.

“ఆడి బెంగ ఆడిది. నాకు గూడు పెట్టొద్దని సెప్పు. దీపమూ వద్దు. ఎటేపూ సూడను. జాగా ఇస్తే సాలు.”

ఆ మాట చిన్నాన్నకి నేనే మోసుకెళ్ళి చెప్పాను. విని, తువ్వాలు మొహం మీదికి లాక్కుని, పొలానికి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం బస్సుకి నేను వచ్చేశాను.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున చిన్నాన్న ఫోన్ చేశాడు. అప్ప ఎల్లిపోయింది అన్నాడు. ఆ తర్వాత, పుట్టింటి చీర తాను పెట్టాలని, మంచిది చూసి పట్టుకురమ్మని అన్నాడు. పెళ్ళైన ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పడం మాలో ఆచారం. నాకు ఏడుపు రావడానికి ముందు అనుమానం వచ్చింది. పుట్టింటి చీర పెడతానన్నాడంటే ఏమిటి అర్థం? ఆవిడ వేరే ఇంటి మనిషని. ఈ ఇంటి మనిషైతే పుట్టింటి చీర లెక్కెక్కడిది? చీర కప్పి సాగనంపి గెడ్డకి తీసుకుపోతారన్నమాట. మా పక్క కొట్లో ముదురు ఆకుపచ్చ నేత చీర తీసుకుని, వాన తుంపరలో రోడ్డు మీదికి వెళ్ళి రంగు చూసుకున్నాను, ఆ రోజు కూడా.

దారి పొడుగునా చిన్నాన్నని అనబోయే మాటలు కూర్చుకున్నాను. ఒక్కొక్కటీ జన్మలో మరిచిపోలేని మాట. గెడ్డ వైపు అడుగేస్తే పాడెకి అడ్డంగా పడుకుంటానని కూడా తీర్మానించుకున్నాను. ఊరి మలుపులో దారి రెండుగా చీలుతుంది, పడమటికి గెడ్డకి, దక్షిణానికి మా మెట్టకి. ఆటో అక్కడికి వచ్చేసరికి గొయ్యి తవ్వి పారలు భుజాన వేసుకున్న మనుషులు తిరిగి వస్తున్నారు. పంచెల నిండా ఎర్రమట్టి. గెడ్డ ఒడ్డున ఉండేది ఇసుక, ఎర్రమట్టి మెట్ట మీదే ఉంటుంది. ఆటోలోనే బావురుమన్నాను. డ్రైవరు బండి ఆపేసి, నీళ్ళ సీసా ఇచ్చాడు.

తాత చెల్లెలి పక్కనే పెట్టారు అత్తని. చీర చిన్నాన్నే కప్పాడు. అన్నో తమ్ముడో కప్పాల్సిన చీర, ఉన్న ఒక్క తమ్ముడూ కప్పాడు, అంతకు మించి అందులో ఏ అర్థమూ లేదు. నేను కూర్చుకున్న మాటలన్నీ నా దగ్గరే ఉండిపోయాయి. అయినా జాగా ఇచ్చాడు సరే, గూడు మాట? వద్దని అత్తే అంది కాబట్టి ఆయనకి సుఖమే. గూడు లేని గోరీ కట్టించి చేతులు దులుపుకుంటాడు అనుకున్నాను.

నెల దాటాక గోరీ కడుతున్నాం రమ్మని కబురొచ్చింది. నేను వెళ్ళేసరికి చిన్నాన్న కూతురు కూడా ఎచ్చెర్ల నుంచి వచ్చి ఉంది. మేస్త్రీ అరుగంతా కట్టేసి, పైన పసుపు గుంట నొక్కి, తల దగ్గర ఇటుకలు పేర్చబోతూ ఆగాడు. గూడు పెట్టాలా, పెడితే ఎటు అని అడిగాడు. పిన్ని నన్ను చూసింది, నేను చిన్నాన్నని చూశాను. ఆయన తన కూతురి వంక చూశాడు, నా వంక చూశాడు. చెయ్యెత్తి చేను మీదుగా చూపించాడు.

“ఇంటేపే పెట్టు,” అన్నాడు మేస్త్రీతో. మమ్మల్ని చూడకుండానే తర్వాతి మాట అన్నాడు. “పిలిస్తే పిలస్నీ. ఒస్తే రండి. ఇల్లుంది కదా.”

పక్క గోరీ వైపు చూశాను. నేను పగలగొట్టిన చోట కొత్త టైల్ వేయలేదు. అంచులు నున్నగా చెక్కించి, గూడు వదిలేశాడు. ప్రమిద అదే.

సాయంత్రం చిన్నాన్నా కూతురూ రెండు గూళ్ళలోనూ దీపాలు పెట్టి వస్తామంటే, నేనూ పిన్నీ ముందే ఇంటికి వచ్చేశాం. నేను పెరటి మెట్ల మీదుగా డాబా ఎక్కి నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడ్డాను. చెప్తే నమ్మే రకం కాదు కదా నేను, చూడాలి. వెలుగు తగ్గేదాకా ఆగాను. గోగు చేను అవతల, తాటిచెట్ల పక్కన ఒక దీపం కనిపించింది. కాసేపటికి దాని పక్కన రెండోది. ఎక్కువ దూరం లేదు.

మెట్ట నుంచి వచ్చినవాళ్ళు స్నానం చేయకుండా లోపలికి రాకూడదు. కింద పెరట్లో, ఆకుపచ్చ టైల్స్ బాత్రూం దగ్గర నుంచి, నీళ్ళు కాగాయి రావే అని పిన్ని పిలిచింది. వస్తున్నా అన్నాను.